తుంటి విరిగితే కోత ఎక్కడ పెడితే మంచిది? వెనక, పక్క, ముందు, రాడ్డు, ప్లేటు: వార్డులో నడిపించే ఫిజియో రివ్యూ

నేను ఆర్థో వార్డులో పనిచేసే ఫిజియోథెరపిస్ట్‌ని. తుంటి విరిగి వచ్చినవాళ్ళకి కోత పెట్టేది నేను కాదు, మర్నాడు పొద్దున వాళ్ళని మంచం అంచున కూర్చోబెట్టి, వాకర్ పట్టించి నిలబెట్టేది నేను, ఆ తర్వాత వారాల తరబడి ఆ కాలు ఎలా పడుతోందో చూసేది కూడా నేనే. అందుకే ఈ రివ్యూ ఆ వైపు నుంచి రాస్తున్నా, ఏ కోత ఎవరికి నప్పుతుంది, ఎవరికి ఇబ్బంది పెడుతుంది అని.

ఇంట్లోవాళ్ళు అందరూ మొదట అడిగేది ఒకటే, "కోత చిన్నదే పెడతారు కదండీ" అని. నా మాట నమ్మండి, చర్మం మీద గీత ఎనిమిది సెంటీమీటర్లా పన్నెండా అన్నదాని వల్ల నడకలో తేడా ఏమీ రాదు. చర్మం కింద ఏ కండ కోశారు, ఏ కండని కోయకుండా పక్కకి జరిపారు, కోసినదాన్ని మళ్ళీ ఎముకకి ఎంత గట్టిగా కుట్టారు, తేడా అంతా అక్కడే. పైగా గీత చిన్నగా ఉండాలని పట్టుబడితే సర్జన్‌కి లోపల సరిగ్గా కనపడదు, చర్మం అంచుల్ని గట్టిగా లాగి పట్టుకోవాల్సొస్తుంది, అలా లాగిన అంచులు నలిగి మానడానికి ఇంకా టైమ్ తీసుకుంటాయి.

ఇంకొకటి, కోత సంగతి మాట్లాడేముందు ఎముక ఎక్కడ విరిగిందో తెలియాలి. తొడ ఎముక పైన బంతిలాంటి తల ఉంటుంది, దాని కింద సన్నటి మెడ, మెడ కింద పక్కకి పొడుచుకొచ్చిన గట్టి గడ్డ, దాన్నే ట్రొకాంటర్ అంటారు, పక్కకి తిరిగి పడుకుంటే పరుపుకి తగిలేది అదే. మెడ దగ్గర విరిగి పక్కకి జరిగిపోతే తలకి రక్తం తీసుకెళ్ళే సన్నటి నాళాలు తెగిపోయే ప్రమాదం ఉంటుంది, అవి ఆ మెడని ఆనుకునే పైకి వెళ్తాయి కాబట్టి. రక్తం అందకపోతే ఎముక అతికినా తల చచ్చిపోతుంది, అందుకే పెద్దవయసువాళ్ళకి ఆ తల తీసేసి లోహపు బంతి పెడతారు, దాన్నే హెమీ అనో హాఫ్ జాయింట్ అనో అంటారు, బాగా చురుగ్గా తిరిగేవాళ్ళయితే బంతి కూర్చునే గిన్నె కూడా మార్చి టోటల్ హిప్ చేస్తారు. అదే ట్రొకాంటర్ దగ్గర విరిగితే అక్కడ రక్తం బాగా అందుతుంది, తల మార్చక్కర్లేదు, ప్లేటో రాడ్డో వేసి అతికిస్తారు. వెనక కోత, పక్క కోత, ముందు కోత అనే చర్చ అంతా మొదటి రకానికి, అంటే బంతి మార్చేవాళ్ళకే. ట్రొకాంటర్ విరిగిన మనిషి కొడుకు ఫోన్‌లో ఏదో వీడియో చూసి "ముందు నుంచి చేయించండి, మూడో రోజుకే నడుస్తారట" అని సర్జన్ మీద ఒత్తిడి తెస్తుంటే పాపం అనిపిస్తుంది, అది వాళ్ళ అమ్మ విరుపుకి సంబంధించిన మాటే కాదు.

ముందు ఆ ట్రొకాంటర్ వాళ్ళ సంగతి చెప్పేస్తా. ఇక్కడ రెండు దారులు. ఒకటి ప్లేటు, డీహెచ్‌ఎస్ అంటారు, తొడ పక్కన నిలువుగా పది సెంటీమీటర్లకి అటూ ఇటూ కోత, తొడ పక్క కండని పైకెత్తి ఎముకకి ప్లేటు బిగించి, తల లోపలికి ఒక లావు స్క్రూ ఎక్కిస్తారు. రెండోది రాడ్డు, పీఎఫ్‌ఎన్ అని రిపోర్టులో కనపడేది, ట్రొకాంటర్ పైన మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కోత, దాని కింద స్క్రూల కోసం ఒకటి రెండు చిన్న గాట్లు, అంతా సీ-ఆర్మ్ ఎక్స్‌రే చూస్తూ చేస్తారు. కోతల్ని బట్టి చూస్తే రాడ్డే గొప్ప అనిపిస్తుంది కదా, కానీ మామూలు ట్రొకాంటర్ విరుపులో నడకలో పెద్ద తేడా నాకు కనపడలేదు. 850 మందితో చేసిన ఇన్‌సైట్ అనే ట్రయల్‌లో కూడా రెండింటి మధ్య జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. విరుపు ఏటవాలుగా తిరగబడి ఉన్నా, ట్రొకాంటర్ కిందకి దిగినా మాత్రం రాడ్డే సరైనది, అక్కడ నాకు రెండో ఆలోచన లేదు, ప్లేటు ఆ లాగుడుని తట్టుకోలేదు.

రాడ్డు వేసినవాళ్ళ ఇంట్లో ఒక భయం తప్పకుండా వస్తుంది. గాట్లు చిన్నవే కదా, అయినా మూడో రోజుకి తొడ అంతా నల్లగా నీలంగా కమిలిపోయి మోకాలి వెనకదాకా దిగుతుంది. విరిగిన ఎముక నుంచి కారిన రక్తం లోపలే చేరి కిందకి జారుతుంది, అందుకే కోత చిన్నదయినా ఆపరేషన్ తర్వాత రక్తం శాతం ఎంతుందో మళ్ళీ చూపించుకోవాలి, కళ్ళు తిరుగుతున్నాయంటే నీరసం అని కొట్టిపారేయొద్దు. ఇంకో మాట, ఇక్కడ ఫలితం కోత చేతిలో కంటే స్క్రూ కొన చేతిలో ఎక్కువ ఉంటుంది. స్క్రూ కొనకీ తల శిఖరానికీ మధ్య దూరం రెండు ఎక్స్‌రేల్లో కొలిచి కలిపితే 25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి అని 1995 నుంచీ సర్జన్లు పట్టుకునే లెక్క, అది దాటితే స్క్రూ తలని చీల్చుకుని బయటికొచ్చే ప్రమాదం పెరుగుతుంది. రాడ్డా ప్లేటా అని గంటసేపు అడిగేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న అడగరు.

ఇప్పుడు అసలు పోటీకి వద్దాం, హెమీకి కోత.

వెనక కోత. పేషెంట్‌ని పక్కకి తిప్పి పడుకోబెట్టి పిరుదు వెనక వంపుగా కోస్తారు, పిరుదు పెద్ద కండని పీచుల వెంబడి విడదీస్తారు, దాని కింద కాలుని బయటికి తిప్పే పొట్టి కండలు ఉంటాయి, వాటిని ఎముక దగ్గర కోసి, కీలు చుట్టూ ఉన్న సంచిని తెరిచి బంతి పెడతారు. ఇందులో గొప్ప ఏంటంటే నడిచేటప్పుడు నడుముని నిలబెట్టే పక్క కండలని, గ్లూటియస్ మీడియస్ అంటారు, అస్సలు ముట్టుకోరు. అందుకని వీళ్ళు నా దగ్గర త్వరగా నడుస్తారు, కుంటు తక్కువ, ఇది నేను రోజూ చూసేదే. నార్వేలో తుంటి విరుపుల వివరాలు రాసిపెట్టే రిజిస్ట్రీలో 20,000 మందికి పైగా పేషెంట్లని పోల్చి 2017లో రాసిన దాంట్లో కూడా పక్క కోత వాళ్ళతో పోలిస్తే వెనక కోత వాళ్ళకి నొప్పి తక్కువ, నడక ఇబ్బందులు తక్కువ అనే వచ్చింది.

మరి గొడవ ఎక్కడ? బంతి గిన్నెలోంచి జారిపోవడం. వెనకనుంచి తెరిచాం కాబట్టి వెనక్కే జారుతుంది. స్టాక్‌హోమ్‌లో 739 తుంట్లని వరసగా చూసి 2008లో ఇచ్చిన లెక్క నాకు కంఠతా వచ్చు, వెనక కోత పెట్టి సంచి, కండలు తిరిగి కుట్టకపోతే 13 శాతం జారాయి, కుట్టినా 8.5 శాతం, ముందు-పక్క కోతలో (కింద చెప్పే పక్క కోత రకమే) 3 శాతం. జారిపోవడం అంటే కాగితం మీద చిన్నమాటే కానీ ఎనభై దాటిన మనిషికి అది ఎంత పెద్ద దెబ్బో చూసినవాళ్ళకే తెలుసు. నేను చూసిన ఒక పెద్దావిడ, ఎంత బాగా నడుస్తోందో, డిశ్చార్జ్ దగ్గరకొచ్చింది, మంచం పక్కన కుర్చీలో కూర్చుని కింద పడిన చెప్పు కోసం ముందుకి వంగి కాలు లోపలికి తిప్పింది, అంతే, కేక. మేము వెళ్ళేసరికి ఆ కాలు పొట్టిగా అయి పాదం లోపలికి తిరిగి ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, మొదట తుంటి విరిగినప్పుడు సాధారణంగా పాదం బయటికి తిరిగి పడిపోతుంది, వెనక్కి బంతి జారినప్పుడు పాదం లోపలికి తిరుగుతుంది. ఫోన్‌లో ఇంట్లోవాళ్ళు "పాదం లోపలికి తిరిగిందండీ" అంటే చాలు, ఇంక లేపొద్దు, నడిపించొద్దు, వెంటనే తీసుకురండి అని చెప్పేస్తా.

అందుకే వెనక కోత వాళ్ళకి నేను రోజూ చెప్పిందే చెప్తా, తుంటి దగ్గర తొంభై డిగ్రీలు మించి వంగొద్దు, కాలు మీద కాలు వేయొద్దు, పాదం లోపలికి తిప్పొద్దు, పడుకుంటే కాళ్ళ మధ్య దిండు, కుర్చీ ఎత్తుగా, కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు, చెప్పులు వంగకుండా వేసుకునేవి. కనీసం ఆరు వారాలు, చాలామంది సర్జన్లు మూడు నెలలు అంటారు. బుర్ర చురుగ్గా ఉన్నవాళ్ళు ఇవన్నీ పాటిస్తారు. మతిమరుపు ఉన్నవాళ్ళు, ఆపరేషన్ తర్వాత నాలుగైదు రోజులు అయోమయంలో పడిపోయేవాళ్ళు ఎలా పాటిస్తారు చెప్పండి? పొద్దున చెప్తే మధ్యాహ్నానికి మర్చిపోతారు, అది వాళ్ళ తప్పా? అలాంటి మనిషికి వెనక కోత పెడితే ఇంటిల్లిపాదీ మూడు నెలలు కాపలా కాయాలి. వీళ్ళకి పక్క కోతే పెట్టండి అని నేను గట్టిగా అంటాను, సర్జన్లతో కూడా ఇదే అంటాను. రేటింగ్ అడిగితే, సూచనలు పాటించగల మనిషికి, సంచి కండలు శ్రద్ధగా తిరిగి కుట్టే సర్జన్ చేతిలో అయితే నాలుగు స్టార్లు, మతిమరుపు మనిషికి అయితే ఒకటి.

పక్క కోత. హార్డింజ్ అనే సర్జన్ 1982లో రాసిన పద్ధతి, అందుకే నోట్స్‌లో ఆయన పేరే కనపడుతుంది. తొడ పక్కన ట్రొకాంటర్ మీదుగా నిలువు కోత, ఇందాక చెప్పిన ఆ గ్లూటియస్ మీడియస్ ముందు భాగాన్ని ఎముక నుంచి విడదీసి, ముందు వైపు నుంచి కీలులోకి వెళ్తారు, చివర్లో ఆ కండని మళ్ళీ కుట్టేస్తారు. వెనక భాగం చెక్కుచెదరదు కాబట్టి బంతి జారడం బాగా తక్కువ, అదే దీని బలం. రాత్రి నిద్రలో ఎటు తిరుగుతారో అన్న బెంగ ఇంట్లోవాళ్ళకి చాలావరకు ఉండదు.

బలహీనత కుంటు. ఆ కండ సరిగ్గా అతుక్కోకపోయినా, కోతని పైకి ఎక్కువ సాగదీసి ఆ కండకి వెళ్ళే నరాన్ని దెబ్బతీసినా (ఆ నరం ట్రొకాంటర్ కొన నుంచి సుమారు 5 సెంటీమీటర్ల పైన అడ్డంగా వెళ్తుంది), మనిషి ఆ కాలి మీద నిలబడినప్పుడు రెండో వైపు నడుము కిందకి పడిపోతుంది. నేను ఎలా చూస్తానంటే, వెనక నిలబడి రెండు బొటనవేళ్ళు నడుము వెనక గుంటల మీద పెట్టి, "ఇప్పుడు బాగున్న కాలు కొంచెం ఎత్తండి అమ్మా" అంటా. బాగున్న వైపు బొటనవేలు కిందకి జారిపోతే పక్క కండ పనిచెయ్యట్లేదని అర్థం. కొంతమందిలో అది కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, పక్కకి కాలు ఎత్తే వ్యాయామాలు, ఆపరేషన్ అయిన కాలికి ఎదుటి చేత్తో కర్ర, ఇవి ఓపిగ్గా చేయిస్తే. అన్నట్టు చాలామంది కర్ర తప్పు చేత్తో పట్టుకుంటారు, ఎప్పుడూ ఎదుటి చెయ్యే. కొంతమందికి మాత్రం కుంటు అలాగే ఉండిపోతుంది, ట్రొకాంటర్ మీద నొప్పితో ఆ పక్కకి తిరిగి పడుకోలేరు, పొలానికో బడికో రోజూ నడిచెళ్ళి వచ్చిన మనిషికి అది నిజంగా నష్టమే.

ఇంత తేడా ఉన్నా అంకెల్లో చూస్తే ఎప్పుడూ ఒక వైపే తీర్పు రాదు. 2015లో ఇంగ్లండ్‌లో 216 మందిని చిట్టీ వేసినట్టు రెండు గుంపులు చేసి పక్క కోత, వెనక కోత పోల్చారు, నొప్పిలో నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. గైడ్‌లైన్లూ అంతే, బ్రిటన్ నైస్ వాళ్ళు 2011లో హెమీకి వెనక కోత కంటే ముందు-పక్క కోత ఆలోచించండి అన్నారు, అమెరికా ఎముకల సర్జన్ల అకాడమీ 2021లో ఏ కోతా ఇంకోదానికంటే మెరుగని చెప్పలేం అంది. నాకు ఇందులో వైరుధ్యం కనపడదు. ఒక కోతలో గెలిచిందే ఇంకో కోతలో పోతుంది, బంతి జారడం తగ్గితే కుంటు పెరుగుతుంది, కుంటు తగ్గితే జారడం పెరుగుతుంది, మొత్తం సగటు తీస్తే సమానం. కానీ మన ముందున్న మనిషి సగటు కాదు కదా, ఈవిడకి జారిపోవడం ప్రమాదమా కుంటు ప్రమాదమా అని చూసి ఎంచుకోవాలి. పక్క కోతకి నా రేటింగ్ నాలుగు, మతిమరుపు ఉన్నవాళ్ళకి అయితే ఐదు.

వాట్సన్-జోన్స్ అనే ఇంకో రకం ముందు-పక్క కోత కూడా ఒకటుంది, గ్లూటియస్ మీడియస్‌కి దాని ముందున్న కండకి మధ్య సందులోంచి వెళ్ళేది. పక్క కండని కోయకుండా జరపడం దీని ఉద్దేశం. బాగా అలవాటున్న సర్జన్ చేస్తే బాగుంటుంది, నేను చూసినవి తక్కువ కాబట్టి రేటింగ్ ఇవ్వను.

ఇక అందరూ అడిగే ముందు కోత, డైరెక్ట్ యాంటీరియర్. గజ్జకి కొంచెం పక్కగా తొడ ముందు భాగంలో కోసి, కండల మధ్య సహజంగా ఉన్న సందులోంచి వెళ్తారు, ఏ కండా కోయక్కర్లేదు. వినడానికి ఇంతకంటే మంచిది లేదు. బాగా చేసినవాళ్ళ దగ్గర మొదటి వారాల్లో లేవడం, కూర్చోవడం తేలిగ్గా ఉండటం నేనూ చూశా. కానీ ఈ పద్ధతి గురించి చెప్పే మాటలు చాలావరకు కీళ్ళ అరుగుదలకి ముందే తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్లవి, బరువు తగ్గించుకుని, షుగర్ అదుపు చేసుకుని, మంచి ఎముకతో వచ్చేవాళ్ళవి. తుంటి విరిగి వచ్చే మనిషి ఎముక గుల్లగా ఉంటుంది. ఈ కోతలోంచి తొడ ఎముక పైభాగాన్ని బయటికి కనపడేలా ఎత్తడం కష్టం, ఆ ఎత్తడంలో గుల్ల ఎముక చిట్లే ప్రమాదం ఉంది. నేర్చుకునే దశలో ఉన్న సర్జన్ దగ్గర అది ఇంకా ఎక్కువ. పొట్ట పెద్దగా ఉండి మడత కోత మీద పడితే అక్కడ చెమట, తడి, గాయం సరిగ్గా మానదు. తొడ ముందు-పక్క చర్మానికి వెళ్ళే నరం ఆ దారిలోనే ఉంటుంది కాబట్టి కొంతమందికి అక్కడ మొద్దుబారినట్టు ఉంటుంది, నడకకి అడ్డం కాదు కానీ ముందే చెప్పకపోతే భయపడతారు. విరుపుల్లో ఇదే కోత రోజూ పెట్టే సర్జన్ అయితే సరే అనండి, మీరు అడిగారని పెడతానంటే మాత్రం వద్దనండి.

వెనక కోతలోనే పొట్టి కండల్ని వీలైనంత కోయకుండా కాపాడే కొత్త పద్ధతి ఒకటొచ్చింది, స్పేర్ అంటారు, ఇంగ్లండ్‌లో పక్క కోతతో పోల్చి ట్రయల్ చేస్తే నాలుగు నెలల దగ్గర తుంటి పనితీరు స్కోరులో తేడా రాలేదు. ఆలోచన నాకు నచ్చింది, ఆశ కూడా ఉంది, ఇప్పటికి అంతే.

ఇంత రాశాక ఒకటి చెప్పకపోతే అన్యాయం. కోత ఏదన్న దాని మీద రెండు రోజులు చర్చించి ఆపరేషన్ ఆలస్యం చేస్తే ఆ నష్టం ఏ కోతా పూడ్చలేదు. వచ్చిన రోజో మర్నాడో చేసేయాలి అన్నది నైస్ మాట, అమెరికా వాళ్ళు 24 నుంచి 48 గంటల్లోపు అంటారు. 2020లో వచ్చిన హిప్ అటాక్ ట్రయల్‌లో 2,970 మందిని చూశారు, సగటున ఆరు గంటల్లో చేసినా 24 గంటల్లో చేసినా మరణాల్లో తేడా లేదు కానీ త్వరగా చేసినవాళ్ళలో అయోమయం తక్కువ, లేచి నిలబడటం ముందే. మంచం మీద ఉన్న ప్రతి రోజూ నడుం కింద పుండు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్ళలో రక్తం గడ్డలు, వీటికి తలుపు తీసినట్టే. అలాగే హెమీ బంతి కింద ఎముకలోకి దిగే రాడ్డుని సిమెంటుతో అతికించారా లేదా అన్నది కూడా కోత కంటే పెద్ద ప్రశ్న, 2022లో వచ్చిన వైట్ 5 ట్రయల్‌లో సిమెంటు వేసినవాళ్ళకి జీవన నాణ్యత మెరుగ్గా ఉంది, రాడ్డు చుట్టూ ఎముక విరగడం తక్కువ.

కుట్ల సంగతి. స్టేపుల్స్ వేసినా దారం వేసినా నాకు నడకలో తేడా లేదు. డ్రెస్సింగ్ మొదటి రెండు మూడు రోజులు కొంచెం తడవడం మామూలే, ఐదారు రోజులయినా రసి కారుతూనే ఉంటే, చుట్టూ ఎర్రబడి వేడిగా ఉంటే, మానుతుందిలే అని ఇంట్లో పొడులు చల్లొద్దు, ఫోటో తీసి పంపించి ఊరుకోవద్దు, మనిషిని తీసుకెళ్ళి సర్జన్‌కే చూపించండి. లోపల లోహం ఉంది, ఇన్ఫెక్షన్ దానిదాకా వెళ్తే మళ్ళీ తెరవాల్సొస్తుంది.

ఆపరేషన్‌కి ముందు సర్జన్‌ని అడగాల్సింది కోత పొడుగు కాదు, "మీరు రోజూ పెట్టే కోత ఏది, మా అమ్మకి మతిమరుపు ఉంది, అది తెలిసి కూడా అదేనా" అని. డిశ్చార్జ్ అప్పుడు కాగితంలో ఏ అప్రోచ్, అంటే ఏ కోత అన్నది స్పష్టంగా రాయించుకోండి, సంచి తిరిగి కుట్టారా, సిమెంటు వేశారా అన్నది కూడా. ఇంటి దగ్గర వేరే ఫిజియో వస్తే వాళ్ళకి అదే దిక్కు, అది లేకపోతే మచ్చ చూసి ఊహించాలి, వెనక కోత మనిషికి పక్క కోత వ్యాయామాలు చేయించినా, ఇప్పుడే అతుక్కుంటున్న పక్క కండ మీద మొదటి వారాల్లోనే బరువు కట్టి లేపించినా, వారాల కష్టం ఒక్క పూటలో పోతుంది.